ఒక చిన్న యూరి సైనికుడు: పోయిన పేరు దొరకిన విధము

యుద్ధచరిత్రములు వ్రాయువారు రాజుల పేళ్లను, సేనానుల పేళ్లను, జయాపజయముల తేదులను తప్పక వ్రాయుదురు. ఆ యుద్ధములలో గూలిన సామాన్యభటుని పేరు వ్రాయుట మాత్రము మిక్కిలి యరుదు. ఇంతమంది హతులైరి, ఇంతమంది గాయపడిరి, ఇంతమంది కానరాకపోయిరి అను నొక్క వాక్యముతో వారి ప్రకరణము ముగియును. అయినను ఆ సంఖ్యలో జేరిన ప్రతివాడును ఒక తల్లి కన్న బిడ్డయే. ఒక యూరి వీథులలో నాడుకొన్నవాడే. అట్టివానిని సంఖ్యలోనుండి వెలికిదీసి, పేరును ఊరును బంధువులును గల మనుష్యునిగా మరల నిలువబెట్టు పనిలో కుటుంబచరిత్ర పరిశోధనము మిక్కిలి తోడ్పడుచున్నది.

ఆ పని యెట్లు జరుగునో తెలుపుటకై, ఆస్ట్రేలియా దేశమున నొక చిన్న యూరినుండి పోయి 1916వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో మడిసిన హారీ విల్లిస్ అను భటుని వృత్తాంతము నిచట వివరించెదను. అతడు సేనాధిపతి కాడు. చరిత్రగ్రంథములలో వర్ణింపబడిన వీరుడును కాడు. అందుచేతనే యాతని కథ మనకు పాఠమగుచున్నది. మన యూళ్లనుండి పోయి మరలిరాని సైనికులలో పెక్కుమంది యట్టివారే గదా!

ఊరును, యుద్ధమును

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రమునకు మెల్బోర్న్ ముఖ్యనగరము. ఆ నగరమునకు ఆగ్నేయదిశను గిప్స్‌లాండ్ అను విశాలమైన పల్లెసీమ గలదు. అందలి చిన్న యూళ్లలో ఆల్బర్టన్ ఒకటి. 1914వ సంవత్సరమున మొదటి ప్రపంచయుద్ధ మారంభము కాగా, ఆ సీమనుండియు యువకులు సేనలో జేరి కడలి దాటిపోయిరి. అట్లు పోవువారికి ఆల్బర్టన్ స్థానికసంఘమువారు తమ ప్రాంతపు పేరు గల యొక చిన్న లోహపు పతకమును బహూకరించిరి. ఊరివారు తమ బిడ్డల చేతిలో నుంచిన జ్ఞాపకచిహ్న మది. అట్టి పతకముతో పోయినవారిలో హారీ విల్లిస్ ఒకడు. అతడు 31వ పటాలములో సామాన్యభటుడు. ఆ పటాలము ఆస్ట్రేలియా 5వ డివిజనులోనిది.

1916వ సంవత్సరము జూలై నెలలో ఫ్రాన్సు దేశమున సొమ్ నదీప్రాంతమునందు మహాసంగ్రామము జరుగుచుండెను. దానికి ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున ఫ్రొమెల్ అను చిన్న గ్రామమున్నది. అచటి జర్మను సేనలు సొమ్ ప్రాంతమునకు తరలిపోకుండ నిలుపుటకై ఫ్రొమెల్‌పై దాడి చేయవలెనని బ్రిటిషు సేనాధిపతులు నిశ్చయించిరి. జూలై 19వ తేది సాయంకాలము 6 గంటలకు ఆస్ట్రేలియా 5వ డివిజనును, బ్రిటిషు 61వ డివిజనును కందకములనుండి వెడలి ముందునకు సాగినవి. నేల చదునైనది, దాగుటకు చాటు లేదు. ఎదుటనున్న బవేరియా సేనలు ఎత్తైన తావునుండి సమస్తమును జూచుచు మరతుపాకులు ప్రయోగించిరి. కొందరు ఆస్ట్రేలియా భటులు శత్రువుల కందకములు దాటి లోపలికి జొచ్చిరి గాని, మరునా డుదయమునకు వారును వెనుకకు మరలవలసివచ్చెను.

ఒక దినము పూర్తిగాక పూర్వమే ఆస్ట్రేలియావారిలో హతులు, గాయపడినవారు, చెఱపట్టబడినవారు కలిసి 5,533 మందియు, బ్రిటిషువారిలో 1,547 మందియు నష్టమైరి. పట్టుకొన్న నేల యొక్క యడుగైనను చేత నిలువలేదు. ఆ రాత్రి పోరాటమునుండి హారీ విల్లిస్ తిరిగిరాలేదు.

పేరు, దేహము, జ్ఞాపకము

ఒక సైనికుడు తన సేనవారి నడుమ గూలినయెడల తోడివారాతనిని పాతిపెట్టి, కొయ్య సిలువపై పేరు వ్రాసి, ఇంటికి జాబు వ్రాయుదురు. అపు డాతని పేరును, దేహమును, ఇంటివారి జ్ఞాపకమును ఒక దానితో నొకటి సంబంధించి యుండును. ఫ్రొమెల్‌లో శత్రువుల కందకములలోపల గూలినవారి విషయమున ఈ మూడును మూడు దేశములలో జెదరిపోయినవి.

యుద్ధము ముగియగానే తమ పంక్తిలోపల పడియున్న శవములను పాతిపెట్టుటకై బవేరియా సేనాధికారి యొకరు ఉత్తరువు చేసిరి. ఫెజంట్ వుడ్ అను చిన్న వనము ప్రక్కన సుమారు 400 శవములకు చాలునట్లు గోతులు త్రవ్వవలెనని ఆ యుత్తరువు. పాతిపెట్టుటకు ముందు శవములనుండి గుర్తింపు బిళ్లలను, కాగితములను దీసి భద్రపరచిరి. ఇది దోపిడి కాదు; మృతుల పేళ్లు శత్రుదేశమునకు దెలుపుటకై చేసిన పని. ఆ పేళ్ల జాబితాలు రెడ్‌క్రాసు సంఘము ద్వారా పంపబడినవి.

కాని యిందులో నొక చిక్కు గలదు. అప్పటికి బ్రిటిషు సేనలలోను, వాని ననుసరించిన ఆస్ట్రేలియా సేనలోను ప్రతి భటునికి ఒక్క బిళ్ల మాత్రమే యుండెను. మరణవార్త దెలుపుటకై దానిని దీసినచో శవముపై పేరు లేదు. శవమున కుంచినచో మరణవార్త తెలుపుటకు ఆధారము లేదు. ఈ లోపము గుర్తించి 1916 సెప్టెంబరు నెలలో బ్రిటిషు సేనవారు రెండు బిళ్లల పద్ధతిని బెట్టిరి. ఒకటి తీసికొనుటకు, రెండవది దేహముతో నుండుటకు. ఫ్రొమెల్ మృతుల కీ సదుపాయము రెండు నెలలు ఆలస్యమైనది.

ఆ ప్రకారముగా పేరు జర్మను కాగితములలోనికి బోయెను. దేహము ఫ్రాన్సు దేశపు బంకమట్టిలో నుండెను. జ్ఞాపకము ఆస్ట్రేలియాలోని యిండ్లలో నిలిచెను. కానరాని కుమారులకొఱకు తల్లిదండ్రులు వ్రాయు జాబులకు సమాధానము వెదకుటకై, మాజీ ప్రధానమంత్రి ఆల్ఫ్రెడ్ డీకిన్ కుమార్తె యగు వీరా డీకిన్ 1915వ సంవత్సరమున కైరో నగరమునందు ఆస్ట్రేలియా రెడ్‌క్రాసు పక్షమున నొక విచారణ కార్యాలయము నెలకొల్పెను. తరువాత నది లండనునకు మారినది. ఆ కార్యాలయమువారు ఆసుపత్రులలోనున్న గాయపడిన భటులను గలిసికొని, ఫలానావానిని కడపట జూచినదెవరు, ఎచట, ఎప్పుడు అని ప్రశ్నించి, వారి మాటలను వ్రాసికొనిరి. అట్టి దస్త్రములు సుమారు 32,000 నేటికిని నిలిచియున్నవి. అయినను ఫ్రొమెల్ తల్లిదండ్రులలో ననేకులకు బిడ్డ యెచట పాతిపెట్టబడెనో తెలియకయే కాలము తీరినది.

యుద్ధానంతరము సమాధుల సంఘమువారు పొలములన్నియు వెదకి, దొరకిన యస్థులను శ్మశానములకు జేర్చిరి. ఫ్రొమెల్ సమీపమున వి.సి. కార్నర్ అను శ్మశానమున పేరు తెలియని ఆస్ట్రేలియా సైనికులు 410 మంది పాతిపెట్టబడియున్నారు. వారిలో నెవ్వరికిని ప్రత్యేకముగా సమాధిశిల లేదు. సమాధి తెలియని వేయిమందికి పైబడినవారి పేళ్లు అచటి గోడపై జెక్కబడినవి. ఫెజంట్ వుడ్ గోతులు మాత్రము వెదకినవారి కంట బడలేదు.

లెక్క సరిపోదని కనుగొన్న ఉపాధ్యాయుడు

ఈ మూడింటిని మరల గలుపు పని కారంభకుడైనవాడు సేనాని కాడు, పండితుడు కాడు. మెల్బోర్న్ నగరమున పాఠశాలలో బోధించిన లాంబిస్ ఎంగ్లెజోస్ అను నుపాధ్యాయుడు. గ్రీసు దేశమున బుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన యాయన, ఫ్రొమెల్ యుద్ధమున బ్రదికి వచ్చిన వృద్ధసైనికులతో స్నేహము గలవాడు. 2002వ సంవత్సరమున ఫ్రొమెల్ క్షేత్రమును దర్శించి, అచటి సమాధులను జూచి యొక సామాన్యమైన తీసివేత లెక్క చేసెను. కానరాకపోయినవారెందరు? ఆ చుట్టుపట్ల పేరు తెలియని ఆస్ట్రేలియా సమాధులెన్ని? మొదటి సంఖ్యనుండి రెండవదానిని దీసివేయగా నూటికి పైగా మిగిలిరి. ఆ మిగిలినవారెచట?

ఎంగ్లెజోస్ తన మిత్రులతో గూడి పాత కాగితములు వెదకెను. యుద్ధకాలమున విమానములనుండి దీసిన ఛాయాచిత్రములలో నొక విశేషము కానవచ్చెను. యుద్ధమునకు ముందు దీసిన పటమున ఫెజంట్ వుడ్ ప్రక్క నేల ఖాళీగా నున్నది; తరువాతి పటమున గోతులు వరుసగా నున్నవి. మరల కొంతకాలమునకు దీసిన పటములలో వానిలో కొన్ని పూడ్చబడియున్నవి. అధికారులును నిపుణులును మొదట నీ వాదమును నమ్మలేదు. గోతులున్నను, యుద్ధానంతరము వెదకినవారు ఆ దేహములను దీసియే యుందురని వారి యభిప్రాయము. ఎంగ్లెజోస్ కోపగింపలేదు, మానలేదు. ప్రతి యాక్షేపణకును కాగితము జూపుచు వచ్చెను. తరువాత మ్యూనిక్ నగరమున బవేరియా సేన దస్త్రములలో గోతులు త్రవ్వుమను నుత్తరువు దొరకినది. జెనీవా నగరమున రెడ్‌క్రాసు భాండాగారములో మృతుల జాబితాలు దొరకినవి. శత్రుసేనయందలి గుమాస్తాలు 1916లో శ్రద్ధతో వ్రాసిన పేళ్లే తొంబది యేండ్లకు సాక్ష్యమిచ్చినవి.

నేలనుండి వచ్చిన పతకము

2007వ సంవత్సరమున గ్లాస్గో విశ్వవిద్యాలయపు పురావస్తు పరిశోధకులు ఆ స్థలమును త్రవ్వకయే యంత్రముల సహాయమున పరీక్షించిరి. పైమట్టిలో దొరకిన వస్తువులలో ఆస్ట్రేలియా పతకములు రెండుండెను. అందొకటి ఆల్బర్టన్ స్థానికసంఘమువారు తమ యువకులకు బహూకరించినది!

ఎక్కడ గిప్స్‌లాండ్, ఎక్కడ ఫ్రొమెల్? ఆ పతకము తనంతట నచటికి రాదు. ఆల్బర్టన్ ప్రాంతమునుండి పోయి, ఫ్రొమెల్‌లో మడిసి, శత్రువులచే పాతిపెట్టబడినవారెవరని విచారింపగా హారీ విల్లిస్ పేరు ముందునకు వచ్చెను. ఆతని బంధు వొకడు అప్పటికే తన కుటుంబచరిత్రమును శోధించుచు నీ కార్యమున దోడ్పడుచుండెను. ఊరి పతకమును, కుటుంబపు జ్ఞాపకమును ఇట్లు ఒక్కచోట గలిసినవి.

2008వ సంవత్సరమున పరీక్షార్థము త్రవ్వగా మానవాస్థులు కనబడినవి. 2009 మే నెలనుండి సెప్టెంబరు వరకు ఆక్స్‌ఫర్డు పురావస్తు సంస్థవారు ఆ గోతులను బూర్తిగా త్రవ్వి 250 మంది దేహములను వెలికిదీసిరి. బొత్తాములు, బూట్లు, సిలువలు మొదలగు వస్తువులు వేలకొలది దొరకినవి. ఒక సైనికుని వద్ద ఫ్రీమాంటిల్ నుండి పెర్త్ పట్టణమునకు బోయి వచ్చుటకు గొన్న రైలు టిక్కెట్టుండెను. తిరుగు ప్రయాణమునకై యాతడు దానిని దాచుకొన్నాడు.

వంశవృక్షము సాక్ష్యమైన విధము

దేహము దొరకినంతమాత్రమున పేరు తెలియదు. పతకము పైమట్టిలో దొరకినదే గాని ఒక దేహముతో కాదు. కావున శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఏ. పరీక్ష నాశ్రయించిరి. ప్రతి మనుష్యుని జీవకణములలోను డి.ఎన్.ఏ. అను పదార్థముండును. దంతములలోను, ఎముకలలోను అది చిరకాలము కొంత నిలుచును. అందలి రెండు భాగము లిట్టి పరీక్షకు ముఖ్యములు. మొదటి భాగము తండ్రినుండి కుమారునికి మాత్రమే సంక్రమించును. రెండవది తల్లినుండి బిడ్డలందరికిని వచ్చును గాని, దానిని తరువాతి తరమున కీయగలవారు కుమార్తెలు మాత్రమే.

చనిపోయిన భటుడు అవివాహితుడనియు, ఆతనికి ఒక అన్నయు ఒక అక్కయు నుండిరనియు అనుకొందము. అన్న కుమారునియందును, ఆ కుమారుని కుమారునియందును పురుషమార్గపు గుర్తుండును. అక్క కూతునందును, ఆ కూతురి బిడ్డలయందును స్త్రీమార్గపు గుర్తుండును. అన్నగారి కూతురి బిడ్డలయందు ఈ రెండును లేవు. అక్కగారి కుమారుని బిడ్డలయందును లేవు. కాబట్టి బంధువైనంత మాత్రమున చాలదు. తగిన మార్గమున వచ్చిన బంధువు గావలెను. అట్టివారెచటనున్నారో తెలిసికొనుటకు వంశవృక్షము దక్క వేరు సాధనము లేదు.

ఇచట మన తెలుగు విద్యార్థులు గమనింపదగిన సంగతి యొకటి గలదు. మన యింటిపేరు పురుషమార్గమున నడచును. అందుచేత తాత, ముత్తాత పేళ్లు చెప్పగలవారు మన యిండ్లలో నుందురు. స్త్రీమార్గమున నట్లు కాదు. కూతురు అత్తవారింటికి బోయిన వెంటనే యింటిపేరు మారును. ఆమె కూతురు పెండ్లియాడగా మరల మారును. మూడు తరములలో మూడిండ్లపేళ్లు! అమ్మమ్మ తల్లి పుట్టినింటి పేరేమని యడిగిన మనలో నెందరు చెప్పగలరు? ఆ త్రోవ కాగితములకంటె ముసలమ్మల నోట నెక్కువగా నిలిచియున్నది. ఆస్ట్రేలియాలోను స్త్రీమార్గమున బంధువులను వెదకుటలో నీ కష్టమే యుండెను. వివాహపత్రములను, జననమరణ దాఖలాలను, ఇంటి బైబిలులో వ్రాసికొన్న పేళ్లను, పాత యుత్తరములను జూచి వంశవృక్షములు కట్టవలసివచ్చెను. పరీక్షాఫలము నొక్కదానినే నమ్మక, భటుని యెత్తు, వయస్సు, దొరకిన వస్తువులు, సేనా దాఖలాలు అన్నియు బోల్చిచూచిన పిమ్మటనే నిర్ణయము చేసిరి.

2010 జనవరి 30వ తేదినుండి ఫ్రొమెల్‌లో నూతన శ్మశానమున ఒక్కొక్కరిని సైనికమర్యాదలతో వేరువేరుగా పాతిపెట్టిరి. మార్చి నెలలో మొదటి 75 మంది పేళ్లు ప్రకటింపబడెను. అందులో హారీ విల్లిస్ పేరుండెను. యుద్ధము జరిగి 94 ఏండ్లు నిండిన జూలై 19వ తేదిని కడపటి సైనికుని పాతిపెట్టి ఆ శ్మశానమును ప్రతిష్ఠించిరి. తరువాతి సంవత్సరములలోను పరిశోధనము సాగి, ఆ 250 మందిలో 150కి మించినవారికి పేళ్లు దొరకినవి. మిగిలినవారి శిలలపై, వీరు దేవునికే తెలిసినవారని యర్థమిచ్చు మాట యున్నది. ఆ మాటను శిలల కేర్పరచినవాడు రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. 1915వ సంవత్సరమున లూస్ యుద్ధమున కొడుకును గోల్పోయి, బ్రదికియున్నంత కాలము వెదకియు నాతని సమాధిని జూడలేకపోయిన తండ్రి యాయన.

మన దేశపు సైనికులు

ఫ్రొమెల్‌కు 15 కిలోమీటర్ల లోపుననే న్యూవ్ షాపెల్ అను గ్రామము గలదు. అచట 1927వ సంవత్సరమున నెలకొల్పిన భారతీయ స్మారకముపై, ఆ యుద్ధరంగమున మడిసి సమాధి తెలియని 4,700 మందికి పైబడిన మన దేశపు సైనికుల, కూలిపటాలములవారి పేళ్లు గలవు. వారిలో గబ్బర్ సింగ్ నేగీ ఒకడు. అతడు హిమాలయప్రాంతమున చంబా యను చిన్న పట్టణమునకు జేరువ పల్లెవాడు. గఢ్వాల్ రైఫిల్సు పటాలమున భటుడు. 1915 మార్చి 10వ తేదిని మడిసి, మరణానంతరము విక్టోరియా క్రాసు పొందెను. ఆతనికి సమాధి లేకున్నను చంబాలో ప్రతి సంవత్సరము ఏప్రిలు నెలలో ఆతని పేర నుత్సవము జరుగుచున్నది. దేహము దూరదేశమున గలిసిపోయినను ఊరు తలచుకొనుచున్నంతవరకు మనుష్యుడు పూర్తిగా పోలేదు.

అందఱికిని అట్టి భాగ్యము గలుగలేదు. 1917వ సంవత్సరమున నేర్పడిన యుద్ధసమాధుల సంఘమువారు హోదా, ధనము, మతము అను భేదము లేక మృతులందరిని సమానముగా స్మరింపవలెనని నియమము చేసికొనిరి. అయినను ఇరాకు దేశమున 1929వ సంవత్సరమున నెలకొల్పిన బస్రా స్మారకముపై భారతీయాధికారుల పేళ్లు చెక్కబడినవి గాని, సామాన్య సిపాయిల పేళ్లు చెక్కబడలేదు. పటాలమునకు ఇంతమంది యని సంఖ్యలు మాత్రమే వేయబడెను. 2021వ సంవత్సరమున ఆ సంఘమువారే విచారణ జరిపించి, భారతీయులును ఆఫ్రికావారును మొదలగువారిలో 45,000 నుండి 54,000 మంది యితరులతో సమానముగా స్మరింపబడలేదనియు, కనీసము 1,16,000 మంది పేరుతో స్మరింపబడకయో, బొత్తిగా స్మరింపబడకయో పోయిరనియు ప్రకటించి క్షమాపణ వేడిరి. పేరు వ్రాయకపోవుట చిన్న తప్పిదముగా తోచును. వంద యేండ్లకు అది యొక జనసమూహము నదృశ్యము చేయును.

పేళ్లు వ్రాసియుంచుటవలని ఫలము పంజాబునందు జూడవచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున సేవచేసిన సుమారు 3,20,000 మంది పంజాబీల పేళ్లు పల్లెపల్లెకును వరుసగా వ్రాసిన రిజిస్టరులు లాహోరు మ్యూజియమున నుండెను. 2021వ సంవత్సరమునుండి వానిని ఎల్లరును జూచునట్లు ప్రకటించుచున్నారు. ఇంగ్లండులోను కెనడాలోను స్థిరపడిన పంజాబీ కుటుంబములవారు ముత్తాత పేరు వానిలో జూచుకొనగలుగుచున్నారు.

మన తెలుగునాటను పశ్చిమగోదావరి ప్రాంతమున తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామము గలదు. రెండు ప్రపంచయుద్ధములకును అచటివారు సేనలో జేరి పోయిరి. తరువాతి తరములవారును ఆ వాడుక మానలేదు గనుక దానిని మిలిటరీ మాధవరమని పిలుచుట కలదు. రెండవ ప్రపంచయుద్ధమున బర్మాలో మడిసి సమాధి తెలియనివారి పేళ్లు సుమారు 27,000 రంగూను స్మారకముపైనను, మలయా మొదలగు చోట్ల మడిసినవారి పేళ్లు 24,000కు పైగా సింగపూరు స్మారకముపైనను గలవు. మదరాసు సాపర్సు మొదలగు దక్షిణదేశపు పటాలములవారు ఆ జాబితాలలో నున్నారు.

విద్యార్థులు చేయదగిన పని

మన యిండ్లలో సైన్యమునకు బోయి మరలిరాని పెదతాతగాని, ముత్తవ తమ్ముడుగాని యుండినయెడల ఆ సంగతి శోధించుట కిది క్రమము. మొదట జీవించియున్న పెద్దల నడుగవలెను. కాగితము లింకొక పది యేండ్లుండును, పెద్దలుండరు. ఏ పటాలము? ఏ యూరినుండి బయలుదేరెను? కడపటి యుత్తర మెచటినుండి వచ్చెను? మరణవార్త ఎవరు తెచ్చిరి? పింఛను ఎవరి పేర వచ్చుచుండెను? ఈ ప్రశ్నల కిచ్చిన సమాధానములను వారి మాటలలోనే తేదితో వ్రాసికొనవలెను. పిదప పెట్టెలలో వెదకవలెను. ఛాయాచిత్రము వెనుక వ్రాత యుండవచ్చును. మొదటి యుద్ధమునాటి వెండి పతకముల యంచుపై భటుని సంఖ్య, పేరు, పటాలము చెక్కబడియుండును. ఆ సంఖ్య మిక్కిలి ముఖ్యమైనది. అయితే పటాలము మారినపుడు సంఖ్యయు మారుట కలదు.

తరువాత దాఖలాలు జూడవలెను. పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేది యుండును. సంఘముల బాప్తిస్మపు రిజిస్టరులలోను, వివాహపు రిజిస్టరులలోను తల్లి పేరును, సాక్షుల పేళ్లును దొరకును. యుద్ధసమాధుల సంఘమువారి మృతుల పట్టికను ఇంటర్నెట్టులో ఎవరైనను ఉచితముగా జూడవచ్చును. అందులో పేరు, సంఖ్య, పటాలము, మరణపు తేది, తరచుగా తండ్రి పేరును ఊరును గూడ నుండును. అయితే ఆ పట్టికను ఇంగ్లీషు గుమాస్తాలు తమకు వినబడినట్లు వ్రాసిరి. విశాఖపట్టణము విజగపటమ్ అనియు, కృష్ణ కిష్ట్నా యనియు, కాకినాడ కొకనాడ యనియు నుండును. వెంకటస్వామి, అప్పలస్వామి వంటి పేళ్లను పది విధముల వర్ణక్రమముతో వెదకవలసియుండును.

ఇందులో జాగ్రత్త యొకటి వలయును. పేరు గలిసినంతమాత్రమున అతడే మనవాడని నిశ్చయింపరాదు. తండ్రి పేరో, ఊరో, సంఖ్యయో గలియవలెను. ఇంటి కథలో కొంత కల్పన చేరవచ్చును. రిజిస్టరులో గుమాస్తా పొరపాటుండవచ్చును. ఒక దానిని రెండవదానితో సరిచూచినపుడే నిజము తేలును. ఎంగ్లెజోస్ చేసినది అదియే. ఆయన కన్నీటితో పని ప్రారంభింపలేదు, తీసివేత లెక్కతో ప్రారంభించెను.

చనిపోయిన సైనికుని తలచుట యుద్ధమును బొగడుట కాదు. ఫ్రొమెల్ చరిత్రము చదివినవారెవరును యుద్ధమును బొగడజాలరు. నూరింటిలో తప్పిపోయిన యొక్క గొఱ్ఱెకై వెదకిన కాపరి యుపమానము మన విద్యార్థులందరు నెఱుగుదురు. తొంబది తొమ్మిది యున్నవి గదా యని యాతడు లెక్క ముగింపలేదు. గోడపై వేయి పేళ్లున్నవి గదా యని ఎంగ్లెజోసును లెక్క ముగింపలేదు. మన యిండ్లలోని లెక్కయు ముగియలేదు. ఈ వేసవి సెలవులలో ప్రతి విద్యార్థియు తన యమ్మమ్మ కడనో నాయనమ్మ కడనో గూర్చుండి, తెలిసిన పేళ్లన్నియు నొక పుస్తకమున వ్రాసికొనవలెను. అందులో సైనికుడుండవచ్చును, ఉండకపోవచ్చును. వ్రాసిన పేరు మాత్రము పోదు.